సూదీ నాలుకా

టుర్కు పట్టణంలో, ఔరా నది ఒడ్డున,
పాత సబ్బుల ఫ్యాక్టరీ మూడో అంతస్తులో
ఇరవై రెండేళ్లు నా ఉద్యోగం ఇదే:
కాగితం చుట్ట అయిపోకుండా చూడటం,
సిరా ఎండిపోకుండా చూడటం,
కుర్చీలో కూర్చున్న మనిషి మొహం చూడకుండా ఉండటం.

లోపలి గదిలో బొమ్మలు వెలుగుతాయి, ఒక్కోటి పది సెకన్లు.
గోడకివతల నా ముందు సూది కదులుతుంది.
తర్వాత ప్రొఫెసర్ లిండ్రూస్ వెళ్లి అడుగుతాడు:
ఎంత నచ్చింది? ఒకటి నుంచి ఏడు దాకా చెప్పండి.

మగవాళ్ల కాగితాలు చదవడం తేలిక.
రేవు కూలీ, పియానోలు బాగుచేసేవాడు, బడిపంతులు,
ఎవరిదైనా సూది ఎక్కిన చోటే నాలుకా ఎక్కేది.
ఆడవాళ్లను కోరేవాడికి ఆడవాళ్ల దగ్గర,
మగవాళ్లను కోరేవాడికి మగవాళ్ల దగ్గర.
మిగతాదంతా ఫిబ్రవరి నదిలా
గడ్డకట్టిన చదును.

ఆడవాళ్ల సూది అన్నిటికీ లేచేది.
మగవాడికి లేచేది, ఆడదానికి లేచేది,
ఒకసారి పొరపాటున కలిసిన బొమ్మ,
ఎవరూ లేని, దుప్పటి నలిగిన మంచం, దానికీ లేచింది.
నాలుక మాత్రం తాపీగా:
"రెండు. పోనీ, మూడు వేసుకోండి."

అబద్ధాలాడుతున్నారన్నాడు ప్రొఫెసర్ మొదటి ఏడు.
సిగ్గన్నాడు మరుసటేడు.
ఆ తర్వాత, పాపం వాళ్లకే తెలియదన్నాడు.
సూదిని ఎవరూ అనుమానించలేదు.
ఇనుము కదా, దానికి అబద్ధం రాదు.

ఒళ్లు తలుపు తీయడం వేరు,
మనిషి లోపల కుర్చీ వేయడం వేరు.
ఈ ముక్క నేను కాఫీ గదిలో ఒకసారి అన్నాను.
ఎవరో నవ్వారు. పంచదార అందించమన్నారు.

మా తైస్తో నన్ను చూసింది బస్సు కిటికీలోంచి,
నవంబరు చీకట్లో.
టోపీ తీసి మంచు దులుపుకుంటున్నానట.
మెడ వెనక పుట్టుమచ్చ.
అంతే. రెండు స్టాపుల దూరం.
"ఇంక అయిపోయింది" అనేవాడు,
ఇంట్లో ఫ్యూజు పోయిన సంగతి చెప్పినట్టు.

నాకు పదకొండు నెలలు పట్టింది.
ముక్కు నచ్చలేదు. నడక నచ్చలేదు.
పెరట్లో చొక్కా విప్పి కట్టెలు కొట్టినా
నా లోపల ఆకు కదల్లేదు.
ఒక ఆదివారం మా చెవిటి అత్త దగ్గర
అతను గొంతు పెంచలేదు.
మోకాళ్ల మీద కూర్చుని, కిటికీ వెలుతురు వైపు తిరిగి,
పెదాలు కనపడేలా మెల్లగా అడిగాడు,
తెగిన వల ఎలా ముడేయాలని.
అదే ముక్కు. ఆ వెలుతురులో.
ఆ రాత్రి ఆవిరిస్నానం చేసొచ్చినా నిద్ర పట్టలేదు.
అతనికి దారిలో దొరికింది.
నాకు పులిసింది, రై పిండిలాగా, గుడ్డ కింద, చప్పుడు లేకుండా.

అలాగని రెండు కుప్పలు పోసి చీటీలు అంటించమంటే నావల్ల కాదు.
సాగా అని ఒకామె వచ్చింది, బేకరీలో పనిచేసేది.
ఒకే రకం భుజాలకు ఏడు, సూదీ ఏడే అంది.
"మాటలు ఎందుకమ్మా, భుజాలుండగా"
అంటూ ఓవర్‌కోటు బొత్తాలు పెట్టుకుంది.
యల్మరి అనే రేవు కూలీకి
గంటన్నర, అరవై బొమ్మలు, సూది నిద్రపోయింది.
లేవబోతుండగా గోడ వెనక నాకు దగ్గొచ్చింది.
"ఎవరక్కడ?" అన్నాడతను.
కాగితం మీద సన్నగా ఒక వణుకు.
ఆ ముక్క నేను చింపలేదు.
ఎవరికీ చూపించనూ లేదు.

ఇప్పుడు తైస్తో కళ్లకు పొర కమ్మింది.
రాత్రి దీపం ఆర్పాక
బొటనవేలితో నా మెడ మీద వెతుకుతాడు.
"ఇదే" అంటాడు.
కాదు, ఇంకాస్త ఎడమకి, అంటాను.
అది నిజమో కాదో నాకూ తెలియదు, నేనెప్పుడు చూసుకున్నాను గనక.
వెతకనీ.
పదకొండు నెలలు ఆగిన మనిషి.